సంఘ సేవ, చదువు, సంసారం: విశాఖలోని కడవరి దిన పరిశుద్ధులకు కొన్ని ఆచరణీయ సూచనలు

యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘాన్ని బయటివారు మోర్మన్ సంఘం అంటారు. ఈ సంఘంలో స్థానిక కూడికలను నడిపేందుకు జీతం తీసుకునే పాస్టరు ఉండరు. విశాఖపట్నంలో బాప్టిస్టు, లూథరన్, కథోలిక చర్చిలలో దేనికి వెళ్లినా, అందుకోసం ప్రత్యేకంగా చదువుకుని ఆ పరిచర్యకే జీవితాన్ని అంకితం చేసిన ఒక కాపరి కనిపిస్తారు. మన దగ్గర ఆదివారం కూడికకు అధ్యక్షత వహించే బిషప్ గారు లేదా బ్రాంచి ప్రెసిడెంట్ గారు సోమవారం పొద్దున్నే షిప్‌యార్డుకో, బ్యాంకుకో, బడికో పరుగెత్తవలసినవారే. పిల్లలకు పాఠం చెప్పే సిస్టర్ (సంఘ సభ్యురాలు) ఇంట్లో అత్తమామలను చూసుకుంటూ ఉండవచ్చు. లెక్కలు రాసే క్లర్కు బీటెక్ మూడో సంవత్సరం విద్యార్థి కావచ్చు. ఈ పద్ధతిలో ఒక గొప్ప మేలున్నది: ప్రతివారూ సేవ చేయడం నేర్చుకుంటారు. అయితే సభ్యుల సంఖ్య తక్కువగా ఉన్నచోట కొద్దిమంది భుజాల మీదనే చాలా పనులు పడతాయి, ఆ కొద్దిమందిలో చదువుకునే యువతీయువకులు, చిన్నపిల్లలున్న దంపతులు ఎక్కువగా ఉంటారు.

వారిని దృష్టిలో పెట్టుకుని ఈ సూచనలు రాస్తున్నాను. సేవను తగ్గించుకోమని చెప్పడం నా ఉద్దేశం కాదు. మనకున్న వేళలెన్నో, మన ఇంటి పరిస్థితి ఏమిటో నాయకులకూ ఇంటివారికీ ముందే నిజాయితీగా చెప్పకపోవడం వల్లనే ఎక్కువమంది అలసిపోతున్నారని నేను నమ్ముతున్నాను. కాబట్టి కింద చెప్పిన ప్రతి సూచనకూ మూలం ఒక్కటే: మొహమాటపడకుండా, సకాలంలో, వివరంగా చెప్పడం.

ముందుగా గంటల లెక్క

2019 జనవరి నుంచి ఆదివారపు కూడికలు మూడు గంటలకు బదులు రెండు గంటలే జరుగుతున్నాయి. మొదటి గంట సంస్కారపు కూడిక (రొట్టె, నీళ్లు స్వీకరించే ఆరాధన) కాగా, రెండవ గంటలో ఆదివార బడి, ఎల్డర్స్ కోరం (పురుషుల బృందం), రిలీఫ్ సొసైటీ (స్త్రీల సమాజం), యువజన తరగతులు ఉంటాయి. మిగిలిన గంటను ఇంట్లో కుటుంబంతో కలిసి లేఖనాలు చదవడానికి ఉపయోగించుకోవాలన్నది ఆ మార్పులోని ఆలోచన. ఈ రెండు గంటలను మాత్రమే సేవా సమయంగా లెక్కవేసుకునేవారు వారం మధ్యలో తమ సమయం ఎటు పోతున్నదో తెలియక తికమకపడతారు.

అసలు సమయం తీసుకునే పనులు వేరే ఉన్నాయి. పాఠం తయారుచేసుకోవడం, కూడికకు ముందు జరిగే నాయకుల సమావేశం, కూడిక తరువాత ఇద్దరు కలిసి దశమభాగాలను, ఉపవాస కానుకలను లెక్కపెట్టి నమోదు చేయడం, శనివారం యువజన కార్యక్రమం, అనారోగ్యంతో ఉన్నవారిని చూడబోవడం, వీటన్నిటినీ మించి వాట్సాప్‌లో రాత్రి పదిగంటల తరువాత కూడా ఆగని సందేశాలు. వీటికి ప్రయాణాన్ని కలపాలి. కూర్మన్నపాలెంలో ఉండే కుటుంబం నగరం నడిబొడ్డుకు రావాలంటే ఎన్ఏడీ కొత్తరోడ్డు దగ్గర రద్దీని దాటుకుని రావాలి, మధురవాడ దాటి ఉండేవారికి ఇంకో రకమైన దూరం. ఇద్దరు పిల్లలతో బస్సు మారి వచ్చే తల్లికి రెండు గంటల కూడిక సగం రోజు పని.

అందువల్ల నాలుగు వారాలపాటు ఒక చిన్న నోటుపుస్తకంలో సంఘం కోసం వెచ్చించిన సమయాన్ని ఏరోజుకారోజు రాసుకోండి. ఫోనులో మాట్లాడిన అరగంటను, బస్సు కోసం నిలబడిన ఇరవై నిమిషాలను కూడా రాయండి. ఆ పక్కనే చదువుకు, ఉద్యోగానికి, ఇంటికి, నిద్రకు పోయిన గంటలను కూడా వేయండి. నెల చివర ఆ పేజీలను భార్యాభర్తలు కలిసి, విద్యార్థులైతే తల్లిదండ్రులతో కలిసి చూడండి. తగ్గించవలసినవి ఏవో చాలావరకు అక్కడే తెలిసిపోతాయి. ఫోనులో పదిసార్లు విడివిడిగా జరిగే సంప్రదింపులను వారంలో ఒకే సాయంత్రానికి కుదించవచ్చని కొందరికి తోస్తుంది. పాఠం తయారీని శనివారం రాత్రికి వదిలేయడం వల్లనే ఇంట్లో గొడవ వస్తున్నదని మరికొందరు గ్రహిస్తారు.

పిలుపు వచ్చినప్పుడు మాట్లాడవలసిన మాటలు

కాలింగ్, అంటే సంఘంలో ఒక సేవా బాధ్యత చేపట్టమన్న పిలుపు, ఇచ్చేముందు నాయకులు మనలను పిలిచి మాట్లాడతారు. తరువాత సంస్కారపు కూడికలో సభ్యులు కుడిచెయ్యి ఎత్తి సమ్మతి తెలియజేస్తారు, ఆ పైన తలమీద చేతులుంచి ప్రార్థించి ఆ సేవకు ప్రత్యేకపరుస్తారు. ఈ క్రమంలో మనం మనసు విప్పి మాట్లాడడానికి తగిన సమయం ఆ మొదటి సంభాషణే. దురదృష్టవశాత్తు చాలామంది దానిని “సరే బ్రదర్” అన్న ఒక్కమాటతో ముగించేస్తారు. పెద్దలు అడిగినప్పుడు ఎదురు ప్రశ్నలు వేయడం అమర్యాద అనే భావన మన ఇళ్లలో బలంగా ఉండడం ఇందుకు ఒక కారణం, ప్రశ్న అడిగితే విశ్వాసం తక్కువని అనుకుంటారేమోనన్న జంకు మరొక కారణం. ఈ రెండింటికీ ఆధారం లేదు. పిలుపు ఇచ్చేముందు ఆ సభ్యుల కుటుంబ పరిస్థితులను, ఉద్యోగాన్ని ఆలోచించాలని, పరిచర్య బాధ్యత (తనకు కేటాయించిన సభ్యుల బాగోగులు చూడడం) కాక సాధ్యమైనంతవరకు ఒక్కొక్కరికి ఒకే పిలుపు ఉండేలా చూడాలని సంఘ చేతిపుస్తకమే నాయకులకు చెబుతున్నది. మైనర్లకు పిలుపు ఇవ్వాలంటే ముందుగా తల్లిదండ్రుల అనుమతి కావాలి. వివాహితుల విషయంలో జీవిత భాగస్వామికి కూడా విషయం తెలిసి ఉండాలి. కాబట్టి మనం పరిస్థితి వివరించడం వల్ల నాయకుల పని తేలికవుతుందే తప్ప వారికి అడ్డు కాదు.

మాట ఇలా ఉండవచ్చు: “ప్రెసిడెంట్ గారూ, సేవ చేయాలని నాకూ ఉంది. అయితే నవంబరులో సెమిస్టర్ పరీక్షలున్నాయి, అమ్మకు డయాలిసిస్ మంగళ, శుక్రవారాల్లో ఉంటుంది. ఆ రోజుల్లో నేను రాలేను. ఆదివారం, శనివారం సాయంత్రం మాత్రం తప్పకుండా వస్తాను. ఇది సరిపోతుందా?” ఇందులో నిరాకరణ లేదు, దాపరికమూ లేదు. ఆ వెంటనే కొన్ని విషయాలు అడిగి తెలుసుకోవాలి. ఈ పిలుపులో వారానికి సుమారుగా ఎంత పని ఉంటుంది? నాతోపాటు ఎవరు పనిచేస్తారు? ఇంతకుముందు ఈ పని చేసినవారితో నేను మాట్లాడవచ్చా? ఆలోచించుకుని, ప్రార్థన చేసుకుని, ఇంట్లో మాట్లాడి రెండు రోజుల్లో చెబుతానని అడగడం కూడా సబబే. ఆ రెండు రోజుల్లో భర్తతోనో, భార్యతోనో నిజంగా మాట్లాడండి. ఇంటివారికి చెప్పకుండా ఒప్పుకున్న సేవ ఎంత మంచిదైనా వారి మనసుల్లో సంఘం మీదనే అసంతృప్తిని పెంచుతుంది.

షిఫ్టు ఉద్యోగులకు ఒక ప్రత్యేక సూచన. ఉక్కు కర్మాగారంలోనూ, పరవాడ ఫార్మా పరిశ్రమల్లోనూ, నౌకాదళ డాక్‌యార్డులోనూ పనిచేసేవారికి ప్రతి ఆదివారం సెలవు దొరకదు. వారాంతపు సెలవు మారుతూ ఉంటుంది, రాత్రి షిఫ్టు ముగించి ఉదయం ఇంటికి చేరిన మనిషి తొమ్మిది గంటల కూడికలో పాఠం చెప్పే స్థితిలో ఉండకపోవచ్చు. నెల మొదట్లోనే డ్యూటీ చార్టును ఫోటో తీసి మీ అధ్యక్షత (నాయక బృందం) సభ్యులకు పంపండి. రాలేని ఆదివారాలు ముందే తెలిస్తే ఇంకొకరిని సిద్ధం చేయవచ్చు. ప్రతి ఆదివారం ఉండితీరవలసిన పిలుపుకన్నా, వారం మధ్యలో వీలునుబట్టి చేయగల పరిచర్యనో, రికార్డుల పనినో ఇలాంటివారికి అప్పగించడం నాయకుల వివేకం.

విద్యార్థుల సంగతి

అధ్యయనం ద్వారా, విశ్వాసం ద్వారా జ్ఞానాన్ని వెదకమని మన లేఖన గ్రంథాల్లో ఒకటైన సిద్ధాంతము మరియు నిబంధనలు 88వ ప్రకరణం 118వ వచనం చెబుతున్నది. చదువు కూడా ప్రభువు కోరిన పనే అని సంఘం చెబుతున్నప్పుడు, సంఘ పని వల్ల పరీక్ష తప్పినందుకు తృప్తిపడవలసిన అవసరం ఎవరికీ లేదు. ఈ మాట నేను చాలా పట్టుదలగా చెబుతున్నాను, ఎందుకంటే మన కుటుంబాల్లో ఎన్నో ఇళ్లకు ఆ చదువే మొదటి డిగ్రీ.

సెమిస్టరు మొదలైన వారంలోనే మిడ్ పరీక్షలు, ల్యాబ్ పరీక్షలు, చివరి పరీక్షల తేదీలను ఒక కాగితం మీద రాసి, పక్కన సంఘ కార్యక్రమాల తేదీలను వేయండి. జేఎన్‌టీయూ పరిధిలోని ఇంజనీరింగ్ కళాశాలల్లో 75 శాతం హాజరు ఉండాలి, 65 నుంచి 75 మధ్య ఉంటే తగిన కారణం చూపి రుసుము కట్టి మినహాయింపు కోరుకోవాలి, అంతకన్నా తగ్గితే సెమిస్టరే పోతుంది. యువజన సమ్మేళనానికో, మన సంఘ దేవాలయ ప్రయాణానికో వెళ్లేముందు ఈ లెక్క చూసుకోవాలి. అనారోగ్యం వస్తే వాడుకోవలసిన హాజరును ముందే ఖర్చుచేసుకోవడం మంచిది కాదు.

యువతకు, పిల్లలకు తరగతి చెప్పేటప్పుడు కనీసం ఇద్దరు పెద్దలు ఉండాలన్న నియమం మనకు ఉన్నది. పిల్లల భద్రత కోసం పెట్టిన ఈ నియమం విద్యార్థి బోధకులకు మరోవిధంగానూ ఉపకరిస్తుంది. ఆ రెండో వ్యక్తిని కేవలం కూర్చోబెట్టకుండా, నెలలో ఒక పాఠం వారితో చెప్పిస్తూ రండి. పరీక్షల మూడు వారాలు తరగతి వారు నడుపుతారు, సెలవుల్లో మీరు ఎక్కువ పాఠాలు తీసుకుంటారు. ఈ ఏర్పాటును పరీక్ష ముందురోజున కాక సెమిస్టరు మొదట్లోనే చేసుకోవాలి.

ఆదివారం వచ్చే పరీక్షల గురించి తల్లిదండ్రులు తరచుగా అడుగుతారు. సివిల్స్ ప్రిలిమ్స్, బ్యాంకు పరీక్షలు, రాష్ట్ర సర్వీసు పరీక్షలు ఆదివారాల్లో జరగడం మన దేశంలో సాధారణం. నీట్ పరీక్ష 2023, 2024, 2025 సంవత్సరాల్లో మే నెల మొదటి ఆదివారమే జరిగింది. మొదటి ఆదివారం మన ఉపవాస దినం కూడా. ఇటువంటి చోట తేదీని మార్చే అధికారం విద్యార్థికి లేదు. పరీక్ష రాయాలా వద్దా అన్నది ఆ కుటుంబం ప్రార్థనాపూర్వకంగా తేల్చుకోవలసిన విషయం, దానిమీద ఇతరులు తీర్పు చెప్పకూడదు. రాయదలచినవారు ముందు వారమో, తరువాతి వారమో ఉపవాసం ఉండవచ్చు. మే నెల ఉక్కపోతలో నీళ్లు కూడా తాగకుండా మధ్యాహ్నం పరీక్షకు వెళ్లమని ఎవరూ కోరడం లేదు. పరీక్షా కేంద్రం దగ్గరగా ఉండి కూడిక ఉదయమే ముగిస్తే సంస్కారం తీసుకుని వెళ్లే వీలుంటుంది. ఆ వీలు లేనప్పుడు బిషప్ గారికి ముందే చెప్పండి.

అమెరికా నుంచి ప్రసారమయ్యే ఏప్రిల్, అక్టోబరు సర్వసభ్య సమావేశాలు (సంఘ నాయకుల ప్రసంగ సభలు) మన కాలమానం ప్రకారం శనివారం రాత్రి 9.30కు మొదలై, తరువాతి సభలు రాత్రి 1.30కు, తెల్లవారుజామున 5.30కు వస్తాయి. ప్రసంగాలు తెలుగులోనూ రికార్డుగా దొరుకుతాయి కనుక పరీక్షలున్నవారు నిద్ర మానుకోనవసరం లేదు. వారంపాటు రోజుకొకటి విన్నా అదే ప్రసంగం.

మిషన్ (పూర్తికాల సువార్త సేవ) గురించి కొంచెం వివరంగా చెప్పాలి. యువకులకు 24 నెలలు, యువతులకు 18 నెలలు మిషన్ కాలం, యువకులు 18 ఏళ్లు నిండినప్పటి నుంచి వెళ్లవచ్చు. మన దగ్గర ఆ వయసు సరిగ్గా ఇంటర్మీడియట్ ముగిసి, ఈఏపీసెట్ ర్యాంకు చేతికి వచ్చే సమయం. ఇంటర్ తరువాత వెళ్లాలా, డిగ్రీ ముగించి వెళ్లాలా అన్నదానికి అందరికీ ఒకే జవాబు లేదు. ఇంటర్ తరువాత వెళ్లేవారు తిరిగివచ్చాక ప్రవేశ పరీక్షకు మళ్లీ కూర్చోగలమా, రెండేళ్ల విరామానికి కళాశాల ఏ ధ్రువపత్రం అడుగుతుంది, ఫీజు రీయింబర్స్‌మెంట్ అర్హతకు ఆ విరామం అడ్డవుతుందా అన్న మూడు ప్రశ్నలకు లిఖితపూర్వకమైన జవాబులు సంపాదించాకే దరఖాస్తు నింపాలి. కోర్సు మధ్యలో వెళ్లదలచినవారు విశ్వవిద్యాలయ నిబంధనల్లో చదువు తాత్కాలికంగా నిలుపుకునే అవకాశం ఉందో లేదో రిజిస్ట్రారు కార్యాలయంలోనే కనుక్కోవాలి, స్నేహితుల మాట మీద ఆధారపడకూడదు. విద్యారుణం తీసుకున్నవారు బ్యాంకులో కూడా మాట్లాడాలి. టెన్త్, ఇంటర్ అసలు మార్కుల మెమోలు ఎక్కడున్నాయో, మీరు లేనప్పుడు ఎవరు తీసివ్వగలరో ఇంట్లో చెప్పి వెళ్లండి. దిగులుపడే తల్లులకు ఒక మాట: 2019 ఫిబ్రవరి నుంచి మిషనరీలు వారానికొకసారి ఇంటికి ఫోను చేసి మాట్లాడవచ్చు.

ఇంటర్‌తోనో, పెళ్లితోనో చదువు ఆపేసినవారికి సంఘం నడిపే బీవైయూ పాత్‌వే ఆన్‌లైన్ చదువు ఒక మంచి తలుపు తెరిచింది. అది 2009లో ఆరంభమైంది. అయితే అందులో వారం వారం గడువులుంటాయి, ఆంగ్లంలో రాయడం ఉంటుంది. మొదటి సెమిస్టరులో కొత్తగా పెద్ద పిలుపు తీసుకోకపోవడం మంచిది. ఆ డిగ్రీతో ప్రభుత్వ ఉద్యోగానికి వెళ్లదలచినవారు మన దేశంలో దానికి సమానత్వ గుర్తింపు దొరుకుతుందో లేదో చేరకముందే విచారించుకోవాలి.

ఇంటి వేళలు

కుటుంబ గృహ సాయంకాలాన్ని (వారంలో ఒక సాయంత్రం ఇంటిల్లిపాదీ కలిసి గడపడాన్ని) సంఘం 1915 నుంచి ప్రోత్సహిస్తున్నది. సోమవారం సాయంత్రం సంఘ కార్యక్రమాలు పెట్టకూడదన్న పద్ధతి కూడా అందుకోసమే. భర్తకు సోమవారం రెండో షిఫ్టు పడితే బుధవారం పెట్టుకోండి. చిన్నపిల్లలతో ఇరవై నిమిషాలు చాలు: ఒక పాట, ఒక వచనం, ఒక ఆట. నాయకత్వంలో ఉన్న తండ్రి ఆ సాయంత్రం ఫోనును వేరే గదిలో పెట్టితీరాలి. అత్యవసరమైతే రెండోసారి మోగిన కాల్ తీస్తానని తన సలహాదారులకు (కౌన్సిలర్లకు) చెప్పిపెడితే చాలు.

భార్యాభర్తలిద్దరికీ ఒకేసారి బరువైన పిలుపులు ఉండకుండా చూసుకోవాలి. ఆయన బ్రాంచి అధ్యక్షుడై ఉండగా ఆమెను రిలీఫ్ సొసైటీ అధ్యక్షురాలిగా పిలిస్తే పిల్లలు ఎవరి దగ్గర ఉంటారన్న ప్రశ్నను ఆ సంభాషణలోనే అడగాలి. బిషప్ భార్యకు మరో కష్టం ఉంటుంది. భర్త రాత్రివేళ ఎవరితోనో మాట్లాడి వస్తాడు, విషయం ఏమిటో చెప్పలేడు. విషయం చెప్పకపోయినా ఎప్పుడు వస్తాడో చెప్పడం, ఆ వారంలో ఒక సాయంత్రం ఆమెకు పూర్తిగా కేటాయించడం ఆయన బాధ్యత.

ఇంట్లో అందరూ సంఘ సభ్యులు కాని కుటుంబాలు మన నగరంలో ఎన్నో ఉన్నాయి. అత్తగారు సింహాచలం వెళ్లే మనిషి కావచ్చు, అన్నయ్య వేరే చర్చికి వెళుతుండవచ్చు. వారికి మీ సేవ ఎక్కడ కనిపిస్తుందంటే, ఆదివారం మధ్యాహ్నం వంట ఎవరు చేశారన్న చోట. శనివారమే కూరగాయలు తరిగి, పప్పు నానబెట్టి, యూనిఫారాలు ఇస్త్రీ చేసి పెట్టుకుంటే, వచ్చేసరికి ఆలస్యమైనా ఆ భారం అత్తగారి మీద పడదు. సంక్రాంతికి సొంతూరు వెళ్లడం, మేనకోడలి పెళ్లికి మూడు రోజులు ఉండడం వంటివాటికి ముందుగా సెలవు చెప్పి, నిశ్చింతగా వెళ్లండి. మన సంఘం వారు కాఫీ, టీ తాగరని బంధువులకు ముందే తెలిస్తే మజ్జిగ ఇస్తారు, అది పెద్ద సమస్య కాదు. ఆ పెళ్లిలో మీరు లేకపోవడమే వారికి బాధ.

పరిచర్య విషయంలో 2018 ఏప్రిల్‌లో వచ్చిన మార్పును ఇంకా చాలామంది పూర్తిగా వాడుకోవడం లేదు. నెలకొకసారి ఇంటికి వెళ్లి నిర్ణీత సందేశం చెప్పే పాత విధానం పోయింది. అవసరాన్నిబట్టి ఫోను చేయడం, సందేశం పంపడం, ఆసుపత్రికి తోడు వెళ్లడం, పిల్లవాడికి లెక్కలు చెప్పడం అన్నీ పరిచర్యే. గాజువాకలో ఉండే సిస్టర్ భీమిలి వైపు ఉండే సిస్టర్ ఇంటికి చీకటిపడ్డాక వెళ్లవలసిన అవసరం లేదు. పగటిపూట తోడుతో కలిసి వెళ్లండి, మిగతా వారాల్లో ఫోనులో మాట్లాడండి. అప్పటికీ దూరం కష్టమనిపిస్తే దగ్గరలో ఉన్నవారిని కేటాయించమని మూడు నెలలకొకసారి జరిగే పరిచర్య ముఖాముఖిలో అడగండి.

భారం మించినప్పుడు

బలానికి మించి పరుగెత్తవలసిన అవసరం లేదని, అన్నీ వివేకంతో, క్రమంగా జరగాలని బెంజమిన్ రాజు చెప్పినట్లు మోర్మన్ గ్రంథంలోని మోషైయ గ్రంథం 4వ అధ్యాయం 27వ వచనంలో ఉన్నది. బీదలకు సహాయం చేయడం గురించి గట్టిగా బోధించిన ప్రసంగంలోనే ఆయన ఈ మాట అన్నాడు. నిద్రపట్టకపోవడం, ఆదివారం వస్తుందంటే గుండె బరువెక్కడం, పిల్లల మీద ఊరికే కసురుకోవడం, బ్యాక్‌లాగులు పేరుకుపోవడం కనిపిస్తే ఇంకో నెల చూద్దామని ఆగకండి.

మొదట పనిని పంచుకునే ప్రయత్నం చేయాలి. ప్రతి అధ్యక్షతలోనూ అధ్యక్షుడికో అధ్యక్షురాలికో ఇద్దరు సలహాదారులు, ఒక కార్యదర్శి ఉండాలన్న ఏర్పాటు ఇందుకే ఉన్నది. ఆ స్థానాలు ఖాళీగా ఉంటే వాటిని నింపమని కోరండి. ఉన్నవారికి పూర్తి బాధ్యతతో పని అప్పగించండి, మీరు చేసినంత చక్కగా మొదట్లో చేయకపోయినా సరే. అప్పటికీ కుదరకపోతే నాయకుల దగ్గరకు వెళ్లి, “బ్రదర్, వచ్చే మార్చి వరకు నేను ఈ పని న్యాయంగా చేయలేను. ఫలానా పని మాత్రం చేయగలను. మిగతాది వేరొకరికి ఇవ్వండి, లేదా నన్ను విడుదల చేయండి” అని స్పష్టంగా చెప్పండి. మన స్థానిక కూడికల్లో ప్రతి పిలుపూ ఏదో ఒకనాడు విడుదలతో ముగిసేదే, కూడికలో చేతులెత్తి కృతజ్ఞత చెప్పి మరీ విడుదల చేస్తారు. డిప్రెషన్ వంటి లక్షణాలుంటే నాయకులకు చెప్పడంతో పాటు వైద్యులనూ కలవండి. కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్)లోనూ, నగరంలోని ప్రభుత్వ మానసిక వైద్యశాలలోనూ చూపించుకోవచ్చు.

నాయకులుగా ఉన్నవారికి ఒక విన్నపం. ఇలా వచ్చి చెప్పిన యువతీయువకులను “ప్రభువు బలమిస్తాడు” అన్న మాటతో వెంటనే తిప్పిపంపకండి. ఆ మాట సత్యమే. అయితే ఆ బలం ఒక్కోసారి నాయకుడు పనిని మరొకరికి అప్పగించడం ద్వారానే అందుతుంది. రెండు పిలుపులున్న విద్యార్థి ఎవరైనా మీ జాబితాలో ఉంటే, వారు అడగకముందే ఒకటి తీసివేయండి.

విడుదలైన తరువాత వచ్చే ఆదివారంలోగా అప్పగింత పూర్తిచేయాలి. తరగతి పిల్లల పేర్లు, వారి పుట్టినరోజులు, ఎవరికి ఏ ఆహారం పడదో, ఏ తల్లిదండ్రులకు ఏ వేళలో ఫోను చేయవచ్చో, ఇప్పటికి ఏ పాఠం దాకా అయిందో, బీరువా తాళంచెవి ఎవరి దగ్గరుందో ఒక కాగితం మీద రాసి కొత్తవారికి ఇవ్వండి. ఒక పాఠం వారి పక్కన కూర్చుని చూడండి, తరువాత వాట్సాప్ బృందం నుంచి బయటకు రండి.